ఇంటి అలారం 'నాన్నా పులి' కాకూడదంటే...

హుఫూఫ్ ఎండలో, దుమ్ములో, వేసవి సెలవుల్లో మన ఇంటి కాపలాదారును కాపాడుకోవడం ఎలా?

'నాన్నా పులి' కథ తెలియని తెలుగు పిల్లలుండరు. పశువులను కాయడానికి వెళ్ళిన కుర్రాడు సరదాకి రెండుసార్లు 'నాన్నా పులి' అని అరిచాడు. పొలంలో పనిచేసుకుంటున్న తండ్రి రెండుసార్లూ పరుగెత్తుకొచ్చి, ఏమీ లేదని తెలిసి కోప్పడి వెళ్ళిపోయాడు. మూడోసారి నిజంగానే పులి వచ్చింది. కుర్రాడు నిజంగానే అరిచాడు. కానీ తండ్రి రాలేదు.

మన ఇళ్ళలో గోడకు అమర్చుకున్న దొంగల అలారం సంగతి కూడా ఇంతే. గాలికి కర్టెన్ ఊగితే ఒకసారి, బల్లి పాకితే ఒకసారి, తెల్లవారుజామున కాఫీ కోసం మామ్మగారు వంటింట్లోకి వెళితే ఒకసారి మోగిందనుకోండి. నెల తిరిగేసరికి పక్కింటివాళ్ళు కిటికీ కూడా తెరిచి చూడరు. కింద ఉన్న హారిస్ "మళ్ళీ ఆ హిందీవాళ్ళ ఇల్లేలే" అనుకుని పక్కకు తిరిగి పడుకుంటాడు. చివరికి విసిగిపోయి మనమే దాన్ని ఆపేసి పెట్టుకుంటాం.

మన పెద్దలు చెప్పిన సామెత ఇంకొకటి ఉంది: దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్లు. ఇది అలారానికి వచ్చే రెండో జబ్బు. మోగాల్సిన రోజున మోగదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, లేదా ఫోను లైను తెగిపోయి ఉంటుంది. అలారం కొనడం, బిగించడం ఒక్క రోజు పని. ఈ రెండు జబ్బులూ రాకుండా చూసుకోవడం మాత్రం ఏడాది పొడుగునా చేయాల్సిన పని. అదృష్టవశాత్తూ అది పెద్ద కష్టమైనదేమీ కాదు. నెలకు అరగంట, ఇంటిల్లిపాదీ కాస్త శ్రద్ధ, అంతే.

కోట గోడల నుంచి గోడ మీది పెట్టె దాకా

మనం ఉంటున్న హుఫూఫ్ ఒకప్పుడు గోడల ఊరు. కూత్, రిఫా, నఆథిల్ అనే పాత పేటల చుట్టూ ప్రాకారం ఉండేది. కూత్ పేటలో పిల్లలతో కలిసి మనం చూడటానికి వెళ్ళే ఇబ్రహీం కోట ఒట్టోమన్ సైనికుల స్థావరం. అంత గోడ, అంత సైన్యం ఉన్నా 1913లో ఒక రాత్రి అబ్దుల్ అజీజ్ మనుషులు ఆ గోడ దాటి లోపలికి వచ్చారు. పట్టణం చేతులు మారిపోయింది. గోడ ఎత్తు ఎంతైనా దాని మీద మేలుకుని ఉండే కన్ను ఒకటి కావాలని అల్ అహ్సా చరిత్రే మనకు చెబుతోంది.

ఆ మేలుకునే కన్ను పనిని విద్యుత్తుకు అప్పగించిన తొలివారిలో ఒకరు అమెరికాలోని బోస్టన్ ప్రాంతానికి చెందిన అగస్టస్ పోప్. 1853లో ఆయన పేటెంటు పొందిన అలారంలో తలుపుకో కిటికీకో చిన్న మీట ఉండేది. తలుపు కదిలితే విద్యుత్ వలయంలో మార్పు వచ్చి, విద్యుదయస్కాంతం గంట మోగించేది. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చాడు. ఈనాటికీ మన తలుపు మీది సెన్సారు ఆ సూత్రం మీదే పనిచేస్తోంది.

ఇంకొక పేరు మన ప్రవాస కుటుంబాలు, ముఖ్యంగా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సమ్మలు, తప్పక తెలుసుకోవాలి. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉండే నర్సు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తట్టింది ఎవరో తెలియాలి, పిలిస్తే పోలీసులు త్వరగా రావాలి అన్నది ఆవిడ అవసరం. తలుపుకున్న రంధ్రాల్లోంచి చూసే కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటి మనిషితో మాట్లాడే మైకు, దూరం నుంచే తలుపు తీసే మీట, సాయం కోరే బటన్, అన్నీ కలిపి 1966లో దంపతులిద్దరూ దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబరులో పేటెంటు వచ్చింది. ఇప్పుడు మన సెల్‌ఫోన్‌లో కనిపించే వీడియో డోర్‌బెల్‌కు ఆ నర్సమ్మ ఆలోచనే పూర్వరూపం అన్నమాట.

ఆ పెట్టెలో ఏముంది?

పేర్లు వేరైనా అన్ని అలారాల్లోనూ ఉండే భాగాలు అవే. అన్నిటికీ మెదడు లాంటిది కంట్రోల్ ప్యానెల్. మనం అంకెలు నొక్కేది కీప్యాడ్. తలుపులకు, కిటికీలకు పెట్టే జంట ముక్కల్లో ఒకదానిలో అయస్కాంతం, రెండోదానిలో సన్నటి రీడ్ స్విచ్ ఉంటాయి. తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమవుతుంది, స్విచ్ ప్యానెల్‌కు కబురు పంపుతుంది. గది మూలన పైన ఉండే తెల్లటి డబ్బా కదలిక సెన్సారు. మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి కిరణాలు కదులుతుంటే అది పసిగడుతుంది. బయట సైరన్, లోపల బ్యాటరీ, కబురు బయటికి చేరవేసే ఫోను లైను లేదా సిమ్ కార్డు లేదా ఇంటర్నెట్. వీటిలో ఏ ఒక్కటి పనిచేయకపోయినా గొలుసులో ఒక కొక్కెం తెగినట్లే.

ఉత్తుత్తి మోతలు ఎక్కడి నుంచి వస్తాయి?

అల్ అహ్సా ప్రపంచంలోనే అతి పెద్ద ఒయాసిస్సు. సుమారు 25 లక్షల ఖర్జూరపు చెట్లున్న ఈ ఒయాసిస్సును 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత పచ్చదనం చుట్టూ ఎడారి. వేసవి మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఈ రెండూ కలిసి అలారానికి కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు తెచ్చిపెడతాయి.

మొదటిది ఏసీ. కదలిక సెన్సారు నిజానికి మనిషిని చూడదు, వేడిలో వచ్చే మార్పును చూస్తుంది. స్ప్లిట్ ఏసీ గాలి నేరుగా సెన్సారు మీదికి కొడితేనో, ఆ గాలికి కర్టెన్లు, పుట్టినరోజు బెలూన్లు ఊగితేనో అది కంగారుపడుతుంది. పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా దాని మొహం మీద పడినా అంతే. కనుక సెన్సారు ఏసీకి ఎదురుగా గాని, ఎండపడే కిటికీకి ఎదురుగా గాని ఉండకూడదు. పండుగకు కట్టిన తోరణాలు దాని ముందు వేలాడకుండా చూడండి.

రెండోది దుమ్ము. ఇసుక గాలి వీచిన మర్నాడు కిటికీ అంచుల మీద చేతివేలితో పేరు రాయవచ్చు. ఆ దుమ్మే సెన్సారు ముఖం మీద, పొగ అలారం లోపల పేరుకుంటుంది. మూడోది ఒయాసిస్సు పురుగూ పుట్రా. వెచ్చగా ఉందని సెన్సారు డబ్బా మీద సాలీడు గూడు కడుతుంది. ఆ పురుగుల కోసం బల్లి వస్తుంది. సెన్సారు కంటికి అంగుళం దూరంలో ఉన్న బల్లి, ఐదు గజాల దూరంలో ఉన్న మనిషి దానికి ఒకేలా అనిపించవచ్చు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది: మనమే. చాలా ప్యానెళ్ళలో రెండు రకాల కాపలా ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాడే 'అవే', మనం లోపల ఉండి నిద్రపోయేటప్పుడు వాడే 'స్టే'. 'స్టే'లో తలుపులు, కిటికీలు మాత్రమే కాపలాలో ఉంటాయి, లోపలి కదలిక సెన్సార్లు విశ్రాంతి తీసుకుంటాయి. ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు, తాతయ్యకు ఈ తేడా చెప్పకపోతే తెల్లవారుజామున నాలుగు గంటలకు వీధి వీధంతా లేస్తుంది. వాళ్ళు వచ్చిన రోజునే, ప్రయాణం బడలిక తీరాక, కీప్యాడ్ దగ్గర నిలబెట్టి రెండుసార్లు చేయించి చూపండి. అంకెలు గుర్తుండవని మొహమాటపడితే వాళ్ళకు తేలికగా గుర్తుండే విడి కోడ్ ఒకటి పెట్టండి.

ఎప్పుడైనా ఉత్తుత్తిగా మోగితే కోడ్ కొట్టి ఆపేసి ఊరుకోకండి. ఏ జోన్‌లో మోగిందో కీప్యాడ్ చెబుతుంది. ఆ జోన్ పేరు, తేదీ, సమయం ఒక నోటుబుక్కులో రాసుకోండి. మూడుసార్లు ఒకే జోన్, ఒకే వేళ అని తేలితే కారణం అక్కడే దొరుకుతుంది. పక్కింటివాళ్ళకు మర్నాడు ఒక మాట చెప్పడం కూడా మర్యాద. మనం తప్పు మోతకు నొచ్చుకుంటామని తెలిస్తే, అసలు మోతకు వాళ్ళు స్పందిస్తారు.

మోగాల్సినప్పుడు మోగకపోతే?

ప్యానెల్ లోపల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అలారాన్ని నిలబెట్టేది అదే. 25 డిగ్రీల చల్లదనంలో అది మూడు నుంచి ఐదేళ్ళు పనిచేస్తుంది. అక్కడి నుంచి వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అంటే ఏసీ లేని స్టోరు గదిలోనో, మేడ మెట్ల కింద వేడి గూటిలోనో ప్యానెల్ పెట్టించుకుంటే నాలుగేళ్ళ బ్యాటరీ రెండేళ్ళకే, ఇంకా ముందే, పనికిరాకుండా పోవచ్చు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ తేదీని దాని మీదే స్కెచ్ పెన్నుతో రాయించండి. హుఫూఫ్‌లో రెండేళ్ళు దాటాక ప్రతి ఏటా పరీక్ష చేయించడం మంచిది.

ఇక మన తెలుగువాళ్ళ జాగ్రత్తే మన కొంప ముంచే సందర్భం ఒకటుంది. ఊరికి వెళ్ళేటప్పుడు 'ఎందుకొచ్చిన గొడవ' అని మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్ళడం మనకు అలవాటు. లెక్క చూడండి. మామూలుగా ఉండే బ్యాటరీ 7 ఆంపియర్-అవర్లది. ప్యానెల్, సెన్సార్లు కలిసి 0.3 ఆంపియర్ వాడుకుంటే అది 23 గంటలు వస్తుంది, అదీ కొత్త బ్యాటరీ అయితే. మనం దమ్మాంలో విమానం ఎక్కి, హైదరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఊరు చేరి, అమ్మ చేతి అన్నం తిని పడుకునేసరికి హుఫూఫ్‌లో అలారం కూడా పడుకుంటుంది. మనం మళ్ళీ నెలా రెండు నెలలకు గాని రాము. కనుక గీజర్లు, ఏసీలు, వంటింటి ప్లగ్గులు ఆపండి. అలారానికి వెళ్ళే ఫ్యూజును మాత్రం ముట్టుకోకండి. అది ఏదో ఎలక్ట్రీషియన్‌తో గుర్తింపజేసి, దాని మీద రంగు టేపు అంటించండి.

ఏసీ ఆపేసిన ఇంట్లో ఇంకొక చిక్కుంది. మూసిన ఇల్లు పగటి పూట 35 డిగ్రీలు దాటితే గది వేడి, మనిషి ఒంటి వేడి దాదాపు ఒకటవుతాయి. అప్పుడు కదలిక సెన్సారుకు మనిషి సరిగ్గా కనిపించడు. మంచి రకాల్లో దీన్ని సర్దుకునే ఏర్పాటు ఉంటుంది గాని, దాని మీదే భారం వేయడం క్షేమం కాదు. తలుపు, కిటికీల అయస్కాంత సెన్సార్లకు ఈ ఇబ్బంది లేదు. అందుకే వేసవి సెలవుల్లో వెళ్ళే ఇంటికి ప్రతి తలుపుకూ, నేలకు దగ్గరగా ఉన్న ప్రతి కిటికీకీ ఆ జంట ముక్కలు ఉండాలి.

వోల్టేజి సంగతి కూడా గుర్తుంచుకోండి. సౌదీలోని పాత ఇళ్ళలో 127 వోల్టుల ప్లగ్గులు, 220 వోల్టుల ప్లగ్గులు రెండూ కనిపిస్తాయి. 230 వోల్టులకు మారాలని 2010లో ప్రభుత్వం నిర్ణయించింది గాని పాత వైరింగ్ ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన అలారం ట్రాన్స్‌ఫార్మరును 220 ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇండియా నుంచి తెచ్చింది 127 ప్లగ్గులో పెడితే దీపం వెలుగుతుంది కాని బ్యాటరీ సరిగ్గా చార్జి కాదు. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే అంతా బాగున్నట్లే కనిపిస్తుంది.

ఫోను లైను మీద కబురు పంపే పాత ప్యానెల్ ఉంటే, ఇంటికి ఫైబర్ వచ్చాక అది పనిచేస్తోందో లేదో ఒకసారి పరీక్షించండి. కరెంటు పోతే ఫైబర్ మోడెమ్ కూడా ఆగిపోతుంది, దానికి చిన్న యూపీఎస్ ఉంటే మేలు. సిమ్ కార్డు ఉన్న ప్యానెల్ అయితే ఆ సిమ్ రీచార్జి గడువు ఎప్పుడో క్యాలెండర్ మీద రాసుకోండి.

నెలకు అరగంట

జీతాలు వచ్చిన వారాంతంలో ఒక శుక్రవారం ఉదయం ఈ పని పెట్టుకుంటే మరచిపోరు. మానిటరింగ్ సంస్థ ఉంటే ముందుగా వాళ్ళకు ఫోను చేసి 'టెస్ట్' అని చెప్పండి. తర్వాత ప్యానెల్‌ను పరీక్ష పద్ధతిలో పెట్టి ఒక్కొక్క తలుపూ, ఒక్కొక్క కిటికీ తెరచి మూయండి. ప్రతి గదిలోనూ నాలుగడుగులు నడిచి సెన్సారు మీద ఎర్ర దీపం వెలుగుతోందో లేదో చూడండి. పొడి మెత్తటి గుడ్డతో సెన్సారు ముఖం తుడవండి. నీళ్ళు, సబ్బు, గాజు తుడిచే స్ప్రే వద్దు. వైర్‌లెస్ సెన్సార్లలో ఉండే చిన్న లిథియం బ్యాటరీ తగ్గితే కీప్యాడ్ మీద సూచన వస్తుంది. 'తర్వాత చూద్దాం' అనుకోకండి. ఒకటి తగ్గిందంటే అదే రోజు పెట్టిన మిగతావీ దగ్గరకొచ్చినట్లే, అన్నీ ఒకేసారి మార్చేయండి.

మూడు నెలలకోసారి ప్యానెల్‌కు కరెంటు ఆపి గంటసేపు బ్యాటరీ మీద నడిపించి చూడండి. ఏడాదికోసారి, వేసవి సెలవులకు ముందే, టెక్నీషియన్‌ను పిలిపించి సైరన్, బ్యాటరీ, ఫోను కబురు మూడూ ఎదురుగా నిలబడి పరీక్ష చేయించండి. ఎండలో ఉండే బయటి సైరన్ డబ్బా పెళుసుబారి పగులుతుంది, దాన్నీ చూడమనండి.

కోడ్ మర్యాదలు

ప్రవాస జీవితంలో ఇళ్ళు చేతులు మారుతూనే ఉంటాయి. ఒక కుటుంబం ఫైనల్ ఎగ్జిట్ మీద వెళితే ఇంకొకరు వస్తారు. మీరు దిగిన ఇంట్లో పాత అలారం ఉంటే, పాలు పొంగించిన రోజే కోడ్ మార్చండి. పాతవాళ్ళకు, వాళ్ళ డ్రైవరుకు, వాళ్ళ పనిమనిషికి తెలిసిన కోడ్ మీ ఇంటికి తాళం కాదు. కంపెనీ నుంచి వచ్చిన 1234 లాంటి కోడ్ కూడా అంతే. పుట్టిన సంవత్సరం, కారు నంబరు వద్దు. కొన్నేళ్ళు ఒకే కోడ్ వాడితే ఆ నాలుగు మీటలే అరిగి మెరుస్తాయి, చూసినవాడికి సగం పని అయిపోయినట్లే. పనిమనిషికి, డ్రైవరుకు విడి విడి కోడ్‌లు ఇచ్చి, వాళ్ళు మానేసిన రోజే తీసేయండి.

కెమెరాలు పెట్టుకునేవాళ్ళు ఒక్కటి మరవకండి. మన గుమ్మం, మన ప్రహరీ వరకే కెమెరా చూపు. పక్కింటి గుమ్మం, వాళ్ళ ఆడవాళ్ళు తిరిగే ముంగిలి అందులో పడకూడదు. ఈ దేశంలో ఇంటి పరదాకు చాలా విలువ ఉంది. కెమెరా ఫోనుతో ఇతరుల ఏకాంతానికి భంగం కలిగిస్తే 2007 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ళ వరకు జరిమానా పడవచ్చు.

పోపు పొగ, అసలు పొగ

దొంగ కంటే వేగంగా ఇల్లు దోచేది నిప్పు. హుఫూఫ్‌లోని చారిత్రక కైసరియా బజారు 2001లో మంటల్లో కాలిపోయి, తర్వాత మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. 2023 జూలైలో ఇక్కడి పారిశ్రామిక వాడలో ఒక వర్క్‌షాపులో చెలరేగిన మంటలు పదిమంది ప్రాణాలు తీశాయి. పొట్టకూటికి వచ్చిన వలస కార్మికులు వాళ్ళలో ఉన్నారు. అందుకే దొంగల అలారం ఉన్నా లేకపోయినా పొగ అలారం ప్రతి ఇంటిలో ఉండాలి.

అయితే దాన్ని వంటింట్లో పెడితే మన ఎండుమిరపకాయల పోపుకు రోజూ మోగుతుంది. రోజూ మోగేదాన్ని ఎవరో ఒకరు బ్యాటరీ తీసి అటక మీద పడేస్తారు. వంటింట్లో వేడిని గుర్తించే రకం పెట్టండి. పొగను గుర్తించేదాన్ని పడకగదుల బయట నడవలో పెట్టండి. సాంబ్రాణి, అగరొత్తులు, అరబ్బు స్నేహితులు ఇచ్చిన బఖూర్ దానికి సరిగ్గా కింద వెలిగించకండి. నెలకోసారి బటన్ నొక్కి పరీక్షించండి, ఆరునెలలకోసారి వాక్యూమ్‌తో దుమ్ము తీయండి, పదేళ్ళు నిండితే మొత్తం డబ్బానే మార్చండి.

కింది అంతస్తు కిటికీలకు ఇనప ఊచలుంటాయి. దొంగ రాకుండా పెట్టినవే మంటల్లో మనల్ని బంధిస్తాయి. రాత్రి తాళం వేశాక తాళంచెవి ఒకే చోట, ఇంట్లో అందరికీ తెలిసిన కొక్కేనికి, కిటికీలోంచి చెయ్యి పెట్టినా అందని చోట ఉండాలి. చీకట్లో తడుముకుని అయినా పిల్లలు దాన్ని అందుకోగలగాలి.

ఊళ్ళో తాళం వేసిన ఇల్లు

మనలో చాలామందికి రెండు ఇళ్ళు. ఇక్కడ ఉంటే అక్కడి ఇంటికి తాళం, అక్కడికి వెళితే ఇక్కడి ఇంటికి తాళం. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసం 'ఎల్‌హెచ్ఎంఎస్' అనే ఏర్పాటు తెచ్చారు. ఊరు వెళ్ళేవాళ్ళు యాప్‌లో ముందుగా తెలియజేస్తే పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను గుర్తించే కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు కబురు వెళుతుంది, దగ్గరలోని గస్తీ సిబ్బంది బయలుదేరతారు. ఇందులో మనం నేర్చుకోవలసిన కిటుకు ఉంది. ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్నప్పుడే ఆ కెమెరా పెడతారు కనుక కదలిక అంటే అనుమానించాల్సిందే. కబురు నమ్మదగినదైతే పరుగెత్తడానికి మనుషులూ సిద్ధంగా ఉంటారు. మీ ఊళ్ళో ఈ సదుపాయం సంగతి స్థానిక పోలీస్ స్టేషన్‌లో కనుక్కోండి. తెలంగాణలో కూడా సంక్రాంతి, దసరా సెలవులకు ఊళ్ళకు వెళ్ళేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్ళమని పోలీసులు ఏటా కోరుతుంటారు.

బంగారం సంగతి వేరే చెప్పాలా? భారతీయుల ఇళ్ళలో నగలుంటాయని లోకానికంతా తెలుసు. అమెరికాలో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరి దోచిన ఒక ముఠా నాయకురాలికి 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. అలారం కబురు చెప్పగలదు గాని నగలు దాచలేదు. వాటి చోటు బ్యాంకు లాకరే. విమానాశ్రయంలో దిగిన ఫొటోలు కూడా తిరిగి వచ్చాక పెట్టుకోవచ్చు, తొందరేముంది? ఒక నమ్మకమైన స్నేహితుడికి తాళంచెవి, కోడ్ ఇచ్చి, హారిస్‌కు ఆయన్ను పరిచయం చేసి వెళ్ళండి. అలారం మోగితే వచ్చి చూసే మనిషి ఒకరు ఊళ్ళో ఉండాలి.

పిల్లలూ, ఇది మీ పేజీ

నెలనెలా పరీక్షలో నడిచే పని మీదే. గోడకు ఆనుకుని మెల్లగా నడిచి చూడండి, తర్వాత సెన్సారు వైపు సూటిగా నడిచి చూడండి. అడ్డంగా నడిస్తే అది త్వరగా పసిగడుతుంది, ఎదురుగా వస్తే ఆలస్యంగా. ఎందుకు? దాని కంటి ముందు ఉండే గీతల ప్లాస్టిక్ గదిని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. మీరు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దాటినప్పుడే దానికి తెలుస్తుంది. అడ్డంగా నడిస్తే ముక్కలు గబగబా మారతాయి మరి!

మీకు మూడు నియమాలు. కోడ్ స్నేహితులకు చెప్పకూడదు, ఎంత ప్రాణస్నేహితులైనా సరే. బడి నుంచి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళకూడదు, పక్కింటికి వెళ్ళి అమ్మకో నాన్నకో ఫోను చేయాలి. పొగ అలారం మోగితే బొమ్మలు, ట్యాబ్ ఏవీ తీసుకోకుండా వంగి నడుస్తూ బయటికి రావాలి, మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు.

మన తూర్పు ప్రాంతంలో పోలీసు, అగ్నిమాపక దళం, అంబులెన్సు అన్నిటికీ ఒకే నంబరు: 911. ఫోనులో ముందు చెప్పాల్సింది మన ఇంటి చిరునామా. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు ఉండే జాతీయ చిరునామా సంకేతాన్ని నాన్నను అడిగి కాగితం మీద పెద్దగా రాసి ఫోను దగ్గర అంటించండి. కొన్ని అరబీ మాటలు కూడా నేర్చుకోండి. బైత్ అంటే ఇల్లు. బాబ్ అంటే తలుపు. హరీక్ అంటే మంటలు. హరామీ అంటే దొంగ. ముసాఅద అంటే సాయం. సరదాకి మాత్రం ఆ నంబరు ఎప్పుడూ నొక్కవద్దు. ఎందుకో మీకు తెలుసు, మీరు 'నాన్నా పులి' కథ చదివినవాళ్ళే కదా.

పెద్దవాళ్ళకు ఒక మాట. ఈ శుక్రవారం టిఫిన్లయ్యాక ప్యానెల్ తలుపు తీయించి బ్యాటరీ మీద తేదీ ఉందేమో చూడండి. లేకపోతే మొదటి పని అదే. రాబోయే సెలవుల్లో మన వాళ్ళందరూ నిశ్చింతగా ఊరు వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చి, తాళం తీసిన ఇల్లు వేసి వెళ్ళినట్లే ఉండాలని కోరుకుందాం.